సుజుకి కిజాషీ ఆల్-వీల్ డ్రైవ్ సెడాన్: టెస్ట్ డ్రైవ్, కొనుగోలుపై తరచుగా అడిగే ప్రశ్నలు

మారుతి షోరూముల పుణ్యమా అని కిజాషీ పేరు హైదరాబాదు, విజయవాడ వంటి ఊళ్లలో కార్లంటే ఇష్టం ఉన్న కొందరికైనా గుర్తుండే ఉంటుంది. అదే కారును అమెరికాలో నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే రూపంలో అమ్మారన్న సంగతి తెలిసినవారు మాత్రం తక్కువ. మంచు కురిసే రాష్ట్రాల్లో చదువుకో ఉద్యోగానికో స్థిరపడి, తక్కువ డబ్బుతో చలికాలం గట్టెక్కించే సెడాన్ కోసం వెతికే తెలుగువారికి పాత కార్ల ప్రకటనల్లో ఇది అప్పుడప్పుడు ఎదురవుతుంది. ధర చూసి మనసు లాగుతుంది, పేరు చూసి సందేహం వెనక్కి లాగుతుంది. ఆ రెంటి మధ్య ఉన్నవారు అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు రాస్తున్నాను.

అసలు ఈ కారు ఏమిటి? ఇంత అరుదుగా ఎందుకు కనిపిస్తుంది?

చిన్న కార్లకు పేరుపడ్డ సుజుకి సంస్థ మధ్యతరహా సెడాన్ల విభాగంలోకి అడుగు పెట్టాలనుకుని 2009లో విడుదల చేసిన కారు ఇది. జపాన్‌లోని షిజువోకా ప్రాంతంలో ఉన్న సగారా కర్మాగారంలో తయారై, అమెరికాలో 2010 నుంచి 2013 వరకు నాలుగు మోడల్ సంవత్సరాల పాటు అమ్ముడైంది. జపాను భాషలో కిజాషీ అంటే రాబోయేదాన్ని సూచించే శకునం అని అర్థం. మంచి శకునమనుకునే ఆ పేరు పెట్టి ఉంటారు గానీ, 2012 నవంబరులో సుజుకి అమెరికా విభాగం దివాలా రక్షణ కోరి, అక్కడ కార్ల అమ్మకాలను మానుకుంటున్నట్లు ప్రకటించింది. అప్పటికి ఈ కారు మార్కెట్లోకి వచ్చి మూడేళ్లే అయింది. కెనడాలోనూ కొద్ది కాలానికే కార్ల అమ్మకాలు మానుకుంటున్నట్లు ప్రకటించారు.

కాబట్టి ఈ కారు అరుదు కావడానికి కారణం అది చెడ్డది కావడం కాదు. అప్పట్లో దాన్ని నడిపి చూసిన ఆటోమొబైల్ విలేకరుల్లో చాలామంది స్టీరింగును, సస్పెన్షన్‌ను, లోపలి పనితనాన్ని మెచ్చుకున్నారు. ఆ తరగతిలో క్యామ్రీ, అకార్డ్ వంటి పాతుకుపోయిన పేర్లు ఉండగా, షోరూములు తక్కువగా ఉన్న సంస్థ దగ్గరికి వెళ్లి కొనే ధైర్యం జనానికి లేకపోయింది, అంతే. మంచి కారు కావడమూ, కొనదగిన పాత కారు కావడమూ రెండు వేర్వేరు సంగతులు. ఈ పేజీలోని ప్రశ్నలు ఎక్కువగా రెండో సంగతి చుట్టూ తిరుగుతాయి.

ఇంజన్, గేర్‌బాక్స్ వివరాలు ఏమిటి?

2.4 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్ ఉంటుంది. ఆల్-వీల్ డ్రైవ్ రకంలో అది 180 హార్స్‌పవర్ ఇస్తుంది. మామూలు రెగ్యులర్ పెట్రోల్ చాలు. టైమింగ్ బెల్టు బదులు చైన్ వాడారు కనుక, నిర్ణీత మైళ్లకు బెల్టు మార్చే ఖర్చు లేదు. నాలుగు చక్రాలకు శక్తి అందే రకానికి సీవీటీ, అంటే విడివిడి గేర్లు లేకుండా నిష్పత్తిని నిరంతరం మార్చుకుంటూ పోయే ఆటోమేటిక్ ఒక్కటే ఇచ్చారు. ఆరు గేర్ల మాన్యువల్ ముందు చక్రాల రకానికే పరిమితం. అందువల్ల ప్రకటనలో ఆల్-వీల్ డ్రైవ్ అని రాసి ఉండి, ఫొటోలో క్లచ్ పెడల్ కనిపిస్తే, అమ్మేవారికి తమ కారేమిటో తెలియదన్నమాట.

దీని ఆల్-వీల్ డ్రైవ్ ఎలా పనిచేస్తుంది?

సుజుకి దీనికి ఐ-ఏడబ్ల్యూడీ అని పేరు పెట్టింది. మామూలుగా బండి ముందు చక్రాల మీదే నడుస్తుంది. వెనుక చక్రాలకు శక్తిని చేరవేసే పొడవాటి షాఫ్ట్ చివర, రెండు వెనుక చక్రాలకూ శక్తిని పంచే డిఫరెన్షియల్ అనే గేర్ల పెట్టె ముందు, కంప్యూటర్ అదుపులో బిగుసుకునే, వదులయ్యే క్లచ్ వంటి కప్లింగ్ ఒకటి ఉంటుంది. ముందు చక్రాలు జారుతున్నాయనో జారబోతున్నాయనో సెన్సార్లు చెప్పినప్పుడు ఆ కప్లింగ్ బిగుసుకుని, శక్తిలో గరిష్ఠంగా సగం దాకా వెనక్కి పంపుతుంది. అవసరం తీరగానే వదులవుతుంది.

మిగిలిన ఆల్-వీల్ డ్రైవ్ సెడాన్లలో సాధారణంగా కనిపించని ఏర్పాటు ఒకటి ఇందులో ఉంది. డ్యాష్‌బోర్డు మీద ఉన్న ఒక మీట నొక్కితే వెనుక చక్రాలకు శక్తి వెళ్లడం పూర్తిగా ఆగిపోయి, బండి ముందు చక్రాల కారుగా మారుతుంది. ఎండాకాలంలో కొంత ఇంధనం కలిసిరావడం కోసం దీన్ని పెట్టారు. పాత కారు కొనేవారికి మాత్రం ఈ మీట ఇంకొక విధంగా వరం. వ్యవస్థ పనిచేస్తున్నదో లేదో ఒకే చోట, ఒకే బండి మీద, ఉన్నప్పుడూ లేనప్పుడూ పోల్చి చూసుకోగలిగే సౌకర్యం ఎన్ని కార్లకు ఉంటుంది? ఆ పరీక్ష ఎలా చేయాలో కింద వివరంగా రాశాను.

మంచులో ఇది నిజంగా ఎంత ఉపయోగపడుతుంది?

బయలుదేరడానికి బాగా ఉపయోగపడుతుంది, ఆగడానికి ఏమాత్రమూ ఉపయోగపడదు. మంచు పేరుకున్న అపార్ట్‌మెంట్ పార్కింగు నుంచి బయటపడటం, సిగ్నల్ దగ్గర ఎత్తు మీద ఆగిన బండిని మళ్లీ కదిలించడం వంటి పనుల్లో నాలుగు చక్రాలకూ శక్తి ఉండటం స్పష్టంగా తెలుస్తుంది. బ్రేకు వేసినప్పుడు ఏ కారుకైనా నాలుగు చక్రాలకే బ్రేకు పడుతుంది కనుక, అక్కడ పట్టు ఇచ్చేది టైరు రబ్బరే. మొదటి చలికాలం గడిపే మనవాళ్లు చాలామంది ఈ తేడా తెలియక, ఎక్కడం సులువుగా ఉంది కదా అని దిగేటప్పుడు కూడా అదే ధైర్యంతో పోతారు. వింటర్ టైర్లు వేసిన ముందు చక్రాల కారు, అరిగిన ఆల్-సీజన్ టైర్లున్న ఆల్-వీల్ డ్రైవ్ కారు కన్నా నిశ్చయంగా మేలు. పైగా ఇది సెడాన్, నేలకు తక్కువ ఎత్తులో ఉంటుంది. మంచు తోసే ప్లో బండి ఇంకా రాని వీధిలో అడుగు లోతు మంచు ఉంటే ఏ కప్లింగూ గట్టెక్కించలేదు.

చూడటానికి వెళ్లే ముందు ఫోనులో ఏమేమి అడగాలి?

ముందుగా ప్రతి కారుకూ వేరుగా ఉండే గుర్తింపు సంఖ్య, విన్ నంబరు అడగండి. దానితో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో రీకాల్ పనులు, అంటే లోపం బయటపడి తయారీదారు ఉచితంగా చేయవలసిన మరమ్మతులు మిగిలి ఉన్నాయేమో ఉచితంగా తెలుసుకోవచ్చు, ప్రమాదాల చరిత్ర నివేదిక కూడా తీసుకోవచ్చు. టైటిల్ (యాజమాన్య పత్రం) క్లీనా, పెద్దగా దెబ్బతిన్న బండికి ఇచ్చే సాల్వేజా అన్నది మాటల్లో సరిపెట్టుకోకుండా ఫొటో పంపమనండి. సీవీటీ ఆయిల్ ఎప్పుడు మార్చారో, దానికి రసీదు ఉందో లేదో అడగండి. జీవితకాలం మార్చనవసరం లేదని ఎవరో చెప్పారని జవాబు వస్తే, మార్చలేదన్నమాటే. బటన్ స్టార్టు కారు కనుక రిమోట్ తాళాలు రెండూ ఉన్నాయా అని అడగడం మరచిపోవద్దు. అరుదైన కారుకు రెండో తాళం చేయించుకోవడం మీరు అనుకున్నదానికన్నా పెద్ద పని.

చివరగా, నేను వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఉంచమని మర్యాదగా కోరండి. చల్లటి ఇంజన్ చెప్పే నిజాలు వేడెక్కిన ఇంజన్ చెప్పదు. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే అమ్మకందారు చెడ్డవాడని అనుకోనక్కరలేదు, కానీ ఇంకొక రోజు ఉదయం మళ్లీ వస్తానని చెప్పడంలో తప్పు లేదు.

టెస్ట్ డ్రైవ్ ఎంతసేపు, ఏ దారిలో చేయాలి?

బ్లాకు చుట్టూ ఒక చుట్టు తిప్పి దిగిపోయే టెస్ట్ డ్రైవ్ ఈ కారు విషయంలో దాదాపు వృథా. సీవీటీ, కప్లింగ్, వెనుక డిఫరెన్షియల్ అనే మూడు భాగాలూ వేడెక్కాకే తమ రోగాలు బయటపెడతాయి కనుక కనీసం నలభై నిమిషాలు, వీలైతే గంట కేటాయించండి. వానపడే రోజు దొరికితే అదృష్టమే. అమ్మేవారు ఎండ రోజు చూపించాలనుకుంటారు, కొనేవారు తడి రోజు చూడాలనుకోవాలి.

స్టార్టు చేసిన మొదటి కొన్ని క్షణాల్లో చైన్ వైపు నుంచి గలగల శబ్దం వస్తుందేమో వినండి. క్షణకాలం వచ్చి ఆగితే అంత భయపడనక్కరలేదు. ఆగకుండా వస్తే ఇంజన్ ఆయిల్ మార్పిడిలో అశ్రద్ధ జరిగిందని అనుమానించాలి. పొగ రంగు చూడండి. ఆ తరువాత రివర్సు, డ్రైవ్ గేర్లను బ్రేకు మీద ఉంచి రెండు మూడుసార్లు మార్చి చూస్తే, గేరు పడటానికి ఒక క్షణం కన్నా ఎక్కువ పట్టకూడదు, టక్కుమని దెబ్బ కొట్టినట్లు పడకూడదు.

మొదటి పది నిమిషాలు గుంతలున్న వీధుల్లో నెమ్మదిగా, కిటికీలు దించి, పాటలు ఆపి నడపండి. ఈ కారు సస్పెన్షన్ కాస్త గట్టిగా, బిగువుగా ఉంటుంది, అది దాని స్వభావం. అయితే గట్టిదనం వేరు, వదులైన బుష్షుల, అంటే కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగుల గడగడ వేరు. స్పీడ్ బ్రేకరు మీద ఒక చక్రం ఎక్కించి దించితే ఏ మూల నుంచి చప్పుడు వస్తున్నదో తెలుస్తుంది.

తరువాత హైవే ఎక్కండి. ఎక్కేటప్పుడు పెడల్ పూర్తిగా తొక్కి చూడండి. నిలిచిన చోటు నుంచి గంటకు 60 మైళ్లు అందుకోవడానికి తొమ్మిది సెకన్ల దాపు పడుతుంది. సీవీటీ కనుక ఇంజన్ ఒకే స్వరంలో అరుస్తూ ఉంటుంది, బండి నెమ్మదిగా దాన్ని అందుకుంటుంది. ఆ అరుపు లోపం కాదు గానీ, చెవికి ఇంపుగా కూడా ఉండదు. రోజూ హైవే మీద వెళ్లేవారు ఇది తమకు ఒప్పేనా అని నిజాయితీగా ఆలోచించుకోవాలి, ఎందుకంటే స్టీరింగు ఇచ్చే సంతోషాన్ని ఈ గేర్‌బాక్స్ కొంత పాడుచేస్తుందన్నది నా అభిప్రాయం. 45 నుంచి 65 మైళ్ల మధ్య వేగంలో కాలు తీసి, మళ్లీ మెల్లగా తొక్కుతూ, వెనుక సీటు కింది నుంచి ఝుమ్మనే మోత వస్తున్నదేమో గమనించండి. అది తొక్కినప్పుడు పెరిగి, వదిలినప్పుడు మారితే డిఫరెన్షియల్ వైపు చూడాలి. వేగంతో పాటే పెరుగుతూ, మలుపు తిరిగేటప్పుడు ఒక వైపు హెచ్చితే చక్రం బేరింగు పోయి ఉంటుంది. బేరింగు చిన్న ఖర్చు, డిఫరెన్షియల్ పెద్ద ఖర్చు. రెంటినీ వేరు చేయగలిగితే బేరంలో మీ మాటకు బలం వస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు బండి వెనుక సీట్లో కూర్చుని, తోడు వచ్చినవారికి స్టీరింగు ఇవ్వండి. ఇది చాలామంది చేయని పని. వెనుక ఇరుసు శబ్దాలు డ్రైవరు చెవిని చేరేలోపే సగం కరిగిపోతాయి.

సీవీటీ గురించి అంత భయం ఎందుకు?

ఇందులోది జాట్కో సంస్థ తయారుచేసిన సీవీటీ. అదే కుటుంబానికి చెందిన గేర్‌బాక్సులు ఆ కాలంలో నిస్సాన్ ఆల్టిమా వంటి కార్లలో లక్షల సంఖ్యలో వాడారు, వాటి మన్నికపై వచ్చిన ఫిర్యాదులు కూడా జనానికి తెలిసినవే. ఇందులో లాభమూ ఉంది, నష్టమూ ఉంది. ఆ గేర్‌బాక్స్ తీరు తెలిసిన మెకానిక్కులు ఊరూరా ఉండటం లాభం. ఆయిల్ మార్చకుండా నడిపిన పెట్టెను బాగుచేయించడానికయ్యే ఖర్చు కారు విలువను మించిపోగలగడం నష్టం.

టెస్ట్ డ్రైవ్‌లో దీన్ని పట్టుకునే మార్గం ఏమిటంటే, కనీసం అరగంట నడిపి వేడెక్కించాక, గంటకు 15 నుంచి 40 మైళ్ల మధ్య వేగంలో పెడల్‌ను చాలా తేలికగా తొక్కుతూ నడపడమే. సన్నటి వణుకు, తారురోడ్డు మీద గీతలపై పోతున్నట్లు వచ్చే కంపనం, పెడల్ తొక్కినా ఇంజన్ వేగమే పెరిగి బండి వేగం పెరగకపోవడం, ఈలవంటి సన్నని కూత, వీటిలో ఏది కనిపించినా ఆ బండిని వదిలేయండి. ధర తగ్గిస్తామన్నా వదిలేయండి. పొడవైన ఎత్తు మీద వేగంగా వెళ్తుండగా బండి ఉన్నట్టుండి బలహీనపడితే, గేర్‌బాక్స్ వేడెక్కి తనను తాను కాపాడుకుంటున్నదని అర్థం. అది కూడా శుభసూచకం కాదు.

ఆల్-వీల్ డ్రైవ్ నిజంగా పనిచేస్తున్నదని ఎలా తెలుసుకోవాలి?

తడి గడ్డి గానీ, కంకర పరిచిన ఖాళీ స్థలం గానీ, కొద్దిపాటి మంచు గానీ ఉన్న, మనుషులు తిరగని చోటు చూసుకోండి. కొంచెం ఎత్తుగా ఉంటే ఇంకా మంచిది. ముందు మీట ఆపేసి, నిలిచిన చోటు నుంచి కాస్త గట్టిగా బయలుదేరండి. ముందు చక్రాలు జారతాయి, స్టీరింగు చేతిలో అటూ ఇటూ లాగుతుంది, ట్రాక్షన్ దీపం మిణుకుమంటుంది. అదే చోటికి తిరిగి వచ్చి, మీట వేసి, అదే విధంగా తొక్కండి. వ్యవస్థ ఆరోగ్యంగా ఉంటే వెనుక నుంచి ఎవరో నెట్టినట్లు బండి నిశ్శబ్దంగా కదులుతుంది. రెండుసార్లూ ఒకేలా జారితే, మీటర్లలో దీపం వెలిగినా సరే, వెనుక చక్రాలకు ఏమీ చేరడం లేదన్నమాట. దీపం చెప్పేది మీట సంగతి, చక్రం సంగతి కాదు.

తరువాత పొడి పార్కింగు స్థలంలో స్టీరింగును పూర్తిగా ఒక పక్కకు తిప్పి, చాలా నెమ్మదిగా రెండు వలయాలు తిరగండి. బండి ఎవరో వెనక్కి పట్టినట్లు బిగుసుకోవడం, గుంజులాట, టక్ టక్ మనే దెబ్బలు ఉండకూడదు. బిగుసుకుంటే కప్లింగ్ వదులు కావడం లేదనో, టైర్లు సరిపోలడం లేదనో అనుమానించాలి. ముందు చక్రాల నుంచి లయగా టకటక వినిపిస్తే అది యాక్సిల్ కీలు అరిగిన శబ్దం.

ఈ రెండు పరీక్షలయ్యాక, కొనే ఆలోచన ఇంకా ఉంటే, ఒక మెకానిక్కు దగ్గర డబ్బు కట్టి బండిని లిఫ్టు ఎక్కించండి. షాఫ్ట్ మధ్య బేరింగు, రబ్బరు బూట్లు, డిఫరెన్షియల్ సీళ్ల దగ్గర ఆయిల్ తడి, ముందు గేర్‌బాక్స్ పక్కన ఉండి శక్తిని వెనుక షాఫ్ట్‌కు మళ్లించే ట్రాన్స్‌ఫర్ పెట్టె కింది భాగం చూడమని ప్రత్యేకంగా చెప్పండి. మామూలు తనిఖీలో వీటిని చూడరు.

టైర్లు నాలుగూ ఒకేలా ఉండాలంటారు. అది అంత ముఖ్యమా?

ముఖ్యమే. అరుగుదలలో తేడా ఉన్న టైర్ల చుట్టుకొలత వేరుగా ఉంటుంది, చుట్టుకొలత వేరైతే ముందూ వెనకా వేర్వేరు వేగంతో తిరుగుతున్నాయని కప్లింగ్ భ్రమపడి, అవసరం లేకపోయినా పనిచేస్తూ వేడెక్కుతుంది. నా పాత ఆల్-వీల్ డ్రైవ్ కారుకు ఒకసారి ఒక టైరు దుకాణంలో ముందు రెండు మాత్రమే కొత్తవి వేసి పంపారు. నాకూ అప్పుడు తెలియదు. ఆ చలికాలం ముగిసేలోగా వెనుక కప్లింగు మార్చవలసి వచ్చింది, దాని ఖర్చుతో నాలుగు టైర్ల సెట్లు రెండు వచ్చేవి. కాబట్టి నాలుగు టైర్ల బ్రాండు, సైజు, ట్రెడ్ లోతు చూసి రాసుకోండి. నాలుగు రకాల టైర్లతో ఉన్న బండి కనిపిస్తే, టైర్ల ఖర్చుతో పాటు కప్లింగ్ మీద అనుమానాన్ని కూడా ధరలోంచి తీసివేయాలి.

తుప్పు సమస్య ఉందా?

ఉప్పు చల్లే రాష్ట్రాల్లో తిరిగిన ప్రతి కారుకూ ఉంటుంది. ఆల్-వీల్ డ్రైవ్ కారును కొన్నవారు సహజంగా అటువంటి చోట ఉన్నవారే కనుక, ఇందులో ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. పైన పెయింటు మెరుస్తున్నదని సంతోషించకుండా, కింద బ్రేకు గొట్టాలు, వెనుక సబ్‌ఫ్రేము, డోరు కింది అంచులు టార్చి వేసి చూడండి. దక్షిణాది రాష్ట్రం నుంచి వచ్చిన బండి దొరికితే పది మైళ్లు కాదు, వంద మైళ్లు పోయి చూసినా తప్పు లేదు.

సాలెపురుగుల వల్ల రీకాల్ జరిగిందన్న మాట నిజమా, హాస్యమా?

నిజమే. 2014లో అమెరికాలో 2010 నుంచి 2013 వరకు వచ్చిన 19 వేలకు పైగా కిజాషీ కార్లను రీకాల్ చేశారు. పెట్రోల్ ఆవిరిని పట్టి ఉంచే డబ్బాకు గాలి తీసుకునే గొట్టంలో సాలెపురుగులు గూడు కట్టి మూసేయవచ్చు. అప్పుడు ట్యాంకులో గాలి ఒత్తిడి తగ్గి, ట్యాంకు లోపలికి సొట్టపోయి, చివరికి పగులు ఇచ్చి పెట్రోల్ కారే ప్రమాదం ఉంది. వినడానికి నవ్వు వచ్చినా, పర్యవసానం నవ్వులాటకాదు. వడపోత ఉన్న కొత్త గొట్టం వేయడమే పరిష్కారం. మీరు చూస్తున్న బండికి ఆ పని జరిగిందో లేదో విన్ నంబరుతో తెలిసిపోతుంది. పెట్రోల్ మూత తీయగానే బుస్సుమని గాలి గట్టిగా లోపలికి పీల్చుకుంటే, ఆ గొట్టం సంగతి ముందు చూడండి.

ఇంకొక విషయం కూడా ఈ అంకెలో దాగి ఉంది. నాలుగు మోడల్ సంవత్సరాల్లో ఆ దేశమంతటా అమ్మిన కిజాషీలు సుమారు ఇన్నేనని, అందులో ఆల్-వీల్ డ్రైవ్ ఉన్నవి ఇంకా తక్కువేనని గ్రహిస్తే, విడిభాగాల ప్రశ్న ఎందుకంత బరువైనదో అర్థమవుతుంది.

మరి విడిభాగాలు దొరుకుతాయా?

ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. దీనికి ఒకే జవాబు లేదు, భాగాన్ని బట్టి జవాబు మారుతుంది.

అరిగిపోయే భాగాల విషయంలో చింత లేదు. ఫిల్టర్లు, బ్రేకు ప్యాడ్లు, స్పార్కు ప్లగ్గులు, బ్యాటరీ, టైర్లు ఏ దుకాణంలోనైనా వస్తాయి. ఇంజన్ కుటుంబం గ్రాండ్ విటారాతో పంచుకున్నది కనుక అక్కడా కొంత ఊరట ఉంది. దివాలా తరువాత సుజుకి మోటార్ ఆఫ్ అమెరికా అనే సంస్థ మోటారు సైకిళ్లు, పడవ ఇంజన్లు అమ్ముతూ పాత కార్ల బాధ్యత కూడా తన దగ్గరే ఉంచుకుంది. అయితే అప్పట్లో ఇచ్చిన ఏడేళ్లు లేదా లక్ష మైళ్ల పవర్‌ట్రెయిన్ వారంటీ గడువు ఎప్పుడో తీరిపోయింది.

అసలు బాధ ఈ కారుకే ప్రత్యేకమైన భాగాలతో. హెడ్‌లైటు, బంపరు, ఫెండరు, వెనుక అద్దం వంటివి మరే కారువీ దీనికి సరిపోవు. పాత కార్ల యార్డుల్లో వెతకాలి, అక్కడ దొరికే వాటిలో ఎక్కువ భాగం ముందు చక్రాల రకానివి ఉంటాయి. బంపరుకు ఆ తేడా లేదు గానీ ట్రాన్స్‌ఫర్ పెట్టెకు, షాఫ్టుకు, వెనుక డిఫరెన్షియల్‌కు ఉంటుంది. మీరు ఏ సౌకర్యం కోసం ఈ కారును ఎంచుకుంటున్నారో, సరిగ్గా ఆ సౌకర్యానికి చెందిన భాగాలే అన్నిటికన్నా అరుదైనవి. టెస్ట్ డ్రైవ్‌లో వెనుక ఇరుసు మీద అంత సమయం వెచ్చించమని చెప్పడానికి కారణం ఇదే.

చిన్న ప్రమాదం జరిగినా భాగాలు దొరకక, లేదా మరమ్మతు ఖర్చు బండి విలువను మించి, బీమా సంస్థ దాన్ని టోటల్ లాస్ (బాగుచేయించడం దండగ) కింద లెక్కగట్టే అవకాశం మామూలు కారు కన్నా ఎక్కువ. అందువల్ల చాలా పాత బండికి ఖరీదైన పూర్తి బీమా అవసరమా అన్నది ప్రీమియం చూసి లెక్క వేసుకోవాలి.

సుబారు లెగసీ గానీ, ఫోర్డ్ ఫ్యూజన్ గానీ కొంటే సరిపోదా?

చాలామందికి సరిపోతుంది. అమెరికాలో లెగసీకి అన్ని రకాల్లోనూ నాలుగు చక్రాల శక్తి ప్రమాణంగానే వచ్చేది, విడిభాగాలు పుష్కలం, చలి రాష్ట్రాల్లో దాన్ని కళ్లు మూసుకుని బాగుచేసే మెకానిక్కులు ఉంటారు, వెనుక సీట్లో చోటు కూడా ఎక్కువ. దాని లోపాలు దానికి ఉన్నాయి. 2010 నుంచి 2012 వరకు వచ్చిన 2.5 లీటర్ల లెగసీ ఇంజన్‌కు టైమింగ్ బెల్టు ఉంటుంది, దాన్ని లక్షా అయిదు వేల మైళ్లకు మార్చాలి. ఆ పని జరగని బండిని తక్కువకు కొన్నానని మురిసిపోయేలోపే ఆ ఖర్చు ఎదురవుతుంది. ఆ తరం ఫ్యూజన్‌లో ఆల్-వీల్ డ్రైవ్ వీ-6 ఇంజన్‌తో వచ్చింది. బలం ఎక్కువ, పెట్రోలు ఖర్చు కూడా ఎక్కువే.

కిజాషీ వీటి కన్నా మేలనిపించేది నడపడంలో. మలుపుల్లో శరీరం తూలకుండా నిలబడే తీరు, బ్రేకు పెడల్ గట్టిదనం, సీట్ల పట్టు, తలుపు మూసినప్పుడు వచ్చే బరువైన శబ్దం దాని ధరకు మించినవి. ఒకే కారు మీద ఇల్లంతా ఆధారపడి, ప్రతి రోజూ ఉదయం అది కదలి తీరవలసిన కుటుంబమైతే లెగసీ కొనమంటాను. ఇంట్లో రెండో కారు ఉండి, భాగం కోసం రెండు వారాలు ఆగగలిగి, ఒక నమ్మకమైన స్వతంత్ర మెకానిక్కు పరిచయంలో ఉన్నవారు కిజాషీని ఆలోచించవచ్చు.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు వెనుక సీటు సరిపోతుందా?

ఇద్దరికి బాగానే, ముగ్గురికి ఇరుకే. క్యామ్రీలో కూర్చున్న అలవాటు ఉన్నవారికి మోకాళ్ల దగ్గర తేడా తెలుస్తుంది. విమానాశ్రయం నుంచి నాలుగు పెద్ద సూట్‌కేసులతో వచ్చేవారిని ఇందులో తీసుకురాలేరు.

ఎంత ధరకు అడగాలి?

ఇవాళ దొరికే కిజాషీలన్నీ పన్నెండేళ్లు దాటినవే కనుక, సంవత్సరం కన్నా చరిత్రకే విలువ ఇవ్వాలి. మీ ప్రాంతంలో అదే వయసు, అవే మైళ్లున్న లెగసీ ఎంతకు అమ్ముడవుతున్నదో చూడండి. కిజాషీకి అందులో కనీసం పాతిక శాతం తక్కువ ఉండాలన్నది నా లెక్క. ఆ పాతిక శాతం తగ్గింపు బహుమతి అనుకోకూడదు, రేపు దొరకని భాగం కోసం ఇవాళే పక్కన పెట్టిన డబ్బు అది. సీవీటీ ఆయిల్ రసీదులు, సరిపోలిన నాలుగు టైర్లు, రెండు తాళాలు, పూర్తయిన రీకాల్ ఉన్న బండికి కాస్త ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. ఇవేవీ లేని బండికి లెగసీ ధర చెప్పి, అరుదైన కారు కనుక ఎక్కువన్నవారికి నమస్కారం పెట్టి వచ్చేయండి. జనం వెతుక్కుంటూ వచ్చి కొంటేనే అరుదైన వస్తువుకు ఎక్కువ ధర పలుకుతుంది, ఈ కారుకు అటువంటి గిరాకీ లేదు.

ఇండియాలో ఆల్-వీల్ డ్రైవ్ కిజాషీ దొరుకుతుందా? ఇక్కడి కారును తీసుకెళ్లవచ్చా?

మారుతి సుజుకి 2011లో ఇండియాలో అమ్మకానికి పెట్టిన కిజాషీ జపాన్ నుంచి పూర్తిగా తయారై దిగుమతి అయినదే, కానీ ముందు చక్రాల రకం మాత్రమే తెచ్చారు. ధర పదహారు లక్షల రూపాయలు దాటడంతో, మారుతి బ్యాడ్జీకి అంత పెట్టడానికి జనం ముందుకు రాలేదు. హైదరాబాదులో పాత కిజాషీ కనిపిస్తే మీట కోసం వెతకకండి. అమెరికా కారును తీసుకెళ్లడం కుదరదు. దిగుమతి చేసే పాత కారు మూడేళ్లకు మించినది కాకూడదనీ, స్టీరింగు కుడివైపు ఉండాలనీ ఇండియా నిబంధనలు ఉన్నాయి, ఈ రెంటిలోనూ ఇది నిలవదు.

కొన్నాక దారిలో ఆగిపోతే లాక్కెళ్లేటప్పుడు ఏం జాగ్రత్త తీసుకోవాలి?

ఫోను చేసినప్పుడే ఆల్-వీల్ డ్రైవ్ కారు అని చెప్పి, బండి మొత్తాన్ని పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ ట్రక్కునే పంపమనండి. ముందు చక్రాలను మాత్రమే ఎత్తి వెనుక చక్రాలను రోడ్డు మీద దొర్లిస్తూ లాగితే కప్లింగూ గేర్‌బాక్సూ దెబ్బతింటాయి. బయటి నుంచి చూస్తే ఇది ముందు చక్రాల కారులాగే ఉంటుంది కనుక, వచ్చిన డ్రైవరుకు ఆ సంగతి మీరే చెప్పాలి, అతను గొలుసు తగిలించకముందే.